కానుగ ఆకు మీద ఎవరు మిగిలారు? భారలోహాల ప్రభావాన్ని ఆకు సూక్ష్మజీవుల్లో చూడటం ఎలా

హైదరాబాద్‌లో బాలానగర్ మెయిన్ రోడ్డు పక్కన ఉన్న ఏదైనా కానుగ చెట్టు దగ్గరికి వెళ్లి, ఒక ముదురు ఆకు మీద బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి నల్లగా, కాస్త జిడ్డుగా అంటుకుంటుంది. అది మట్టి ఒక్కటే కాదు. అందులో బ్రేకులు అరిగి రాలిన రాగి, టైర్లు అరిగి రాలిన జింక్, వర్క్‌షాపుల గ్రైండింగ్ పొడి, డీజిల్ మసి కలిసి ఉంటాయి. ఆ పొర కింద మామూలు కంటికి కనిపించని ఊరొకటి ఉంది. ఆకు మీద ఒక్క చదరపు సెంటీమీటరులో పది లక్షల నుంచి కోటి దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. వాటితో పాటు ఈస్టులు, బూజులు కూడా ఉంటాయి.

లోహాలు వచ్చి పడ్డాక ఆ ఊరికి ఏమవుతుందో మీ చేతులతో మీరే చూసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. డిగ్రీ, పీజీ మైక్రోబయాలజీ, బోటనీ విద్యార్థులు ప్రాజెక్టుగా చేయడానికి ఇది సరిగ్గా సరిపోతుంది. కాలేజీ ల్యాబ్‌లో ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే పాత్ర), ఇంక్యుబేటర్ (ఒకే వేడిలో ఉంచే పెట్టె) ఉంటే చాలు. ఇంట్లో వంటగదిలో మాత్రం చేయకండి, కారణం చివర్లో చెబుతాను.

ముందే ఒక మాట. ఈ ప్రాజెక్టు చేసే పిల్లల్లో ఎక్కువమంది "కాలుష్యం ఎక్కువ ఉన్నచోట సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతుంది" అని ముందే రాసేసుకుని ల్యాబ్‌కి వస్తారు. లెక్క అలా రాకపోతే టెన్షన్ పడతారు. సంఖ్య తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, ఒక్కోసారి పెరగొచ్చు కూడా. చూడాల్సింది ఎన్ని ఉన్నాయని కాదు, ఎవరు మిగిలారని. కింద చెప్పే పని మొత్తం ఆ ఒక్క ప్రశ్న కోసమే.

లోహం ఏం చేస్తుందో ముందు అర్థం చేసుకోండి

రాగి, జింక్, నికెల్ లాంటివి కొద్దిగా ఉంటే బ్యాక్టీరియాకు అవసరమే. మోతాదు మించితే అవే విషం. సీసం, కాడ్మియం, పాదరసం అయితే వాటికి ఏ మోతాదులోనూ అక్కరలేనివి. ఇవి కణంలోకి దూరి, ప్రోటీన్లలో సల్ఫర్ ఉన్న భాగాలను పట్టుకుని వాటి పని ఆపేస్తాయి. జింక్ కూర్చోవాల్సిన చోట కాడ్మియం కూర్చుంటుంది. రాగి ఎక్కువైతే కణం లోపల ఆక్సిజన్ నుంచి విషపు అణువులు పుట్టి, పొరలను, డీఎన్ఏను దెబ్బతీస్తాయి.

అయినా అన్నీ చావవు. కొన్ని బ్యాక్టీరియాకు లోహాన్ని లోపలి నుంచి బయటకు తోసేసే పంపుల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. కొన్ని తమ చుట్టూ జిగురు పొర కట్టుకుని లోహాన్ని అక్కడే ఆపేస్తాయి. ఈ విద్యకు కావాల్సిన జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ల మీద, అంటే విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఉంటాయి కాబట్టి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి అందుతాయి కూడా.

ఇది మన రైతులకు తెలియని సంగతేమీ కాదు. నిమ్మ తోటలో గజ్జి తెగులుకు రాగి మందు కొడతారు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం 1885 నుంచి వాడుకలో ఉంది. ఒకే రాగిని ఏళ్ల తరబడి కొట్టిన తోటల్లో రాగికి లొంగని తెగులు బ్యాక్టీరియా పుట్టుకొచ్చిన సంగతి చాలా దేశాల్లో నమోదైంది. రోడ్డు పక్క చెట్టుకు ఎవరూ మందు కొట్టరు. కానీ రోజూ కొంచెం కొంచెంగా లోహపు దుమ్ము పడుతూనే ఉంటుంది. జరిగేది అదే పని.

ఆ ఊరు చెదిరితే చెట్టుకేం నష్టం? ఆకు మీద ఉండే మంచి సూక్ష్మజీవులు తెగులు కారకాలకు చోటు, తిండి దొరక్కుండా చేస్తాయి. కొన్ని మొక్క ఎదుగుదలకు పనికొచ్చే హార్మోన్లు తయారుచేస్తాయి. మిథైలోబ్యాక్టీరియం అనే గులాబీ రంగు బ్యాక్టీరియా అయితే పత్రరంధ్రాల్లోంచి వచ్చే మిథనాల్‌ను తిని బతుకుతుంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

చెట్టు, చోటు ఎంచుకోవడం

సగం ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. ఒకచోట వేప, ఇంకోచోట రావి తెచ్చి పోల్చకండి. ఆకు మారితే మైనపు పొర మారుతుంది, నూగు మారుతుంది, మీద ఉండే సూక్ష్మజీవులూ మారతాయి. అప్పుడు మీరు కొలిచింది చెట్టు తేడానే గాని కాలుష్యం తేడా కాదు. హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా దొరికేది, చేతికందే ఎత్తులో కొమ్మలుండేది కానుగ. నా సలహా కానుగే. వేప ఆకు సన్నగా ఉండి ప్లేటు (సూక్ష్మజీవులను పెంచే అగార్ జెల్లీ పోసిన పళ్లెం) మీద సరిగా అద్దలేం.

మూడు చోట్లు పెట్టుకోండి. ఒకటి పారిశ్రామికవాడ: బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్, చర్లపల్లి, పటాన్‌చెరు, మీకు ఏది దగ్గరైతే అది. కాటేదాన్ మట్టిలో భారలోహాలపై ఎన్జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు లోగడ పరిశోధన చేసి ప్రచురించారు కాబట్టి అక్కడ పోల్చుకోవడానికి పాత లెక్కలు దొరుకుతాయి. రెండోది ట్రాఫిక్ ఎక్కువ ఉండి ఫ్యాక్టరీలు లేని చౌరస్తా. మూడోది రోడ్డుకు కనీసం రెండు మూడు వందల మీటర్ల లోపల ఉండే యూనివర్సిటీ క్యాంపస్ లేదా పాత కాలనీ గల్లీ. కేబీఆర్ పార్కు బాగుంటుంది కదా అని చాలామంది అడుగుతారు. అది జాతీయ ఉద్యానవనం. అటవీశాఖ అనుమతి కాగితం లేకుండా అక్కడ ఒక్క ఆకు కూడా తెంపకూడదు. క్యాంపస్‌లో కూడా ముందు అడిగే తెంపండి.

చౌరస్తా విషయంలో ఇంకోటి గమనించండి. మన దేశమంతటా సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. అయినా పాత రోడ్ల పక్క మట్టిలో సీసం ఉంటుంది. ఎందుకంటే లోహం కుళ్లిపోదు, విరిగిపోదు. ఆ మట్టి గాలికి లేచి మళ్లీ ఆకు మీదికి చేరుతుంది. కాబట్టి చోటు గురించి రాసుకునేటప్పుడు రోడ్డు వయసు, పక్కన తవ్వకాలు, బ్యాటరీ షాపులు, వెల్డింగ్ షెడ్లు, అన్నీ నోట్ చేయండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి.

ఒక్కో చోట ఐదు చెట్లు. ఇది తగ్గించకండి. ఒకే చెట్టు నుంచి పదిహేను ప్లేట్లు వేస్తే పదిహేను ఆధారాలు దొరికినట్టు కాదు, ఒకే సాక్షిని పదిహేను సార్లు అడిగినట్టు. లెక్క కట్టేటప్పుడు కూడా ముందు ఒక్కో చెట్టు ప్లేట్ల సగటు తీసి, ఆ తర్వాతే చెట్లను పోల్చండి.

ఎప్పుడు, ఎలా తెంపాలి

నవంబర్ నుంచి జనవరి మధ్య మంచి సమయం. వాన కడిగేస్తుంది కాబట్టి వాన పడ్డాక కనీసం ఐదారు పొడి రోజులు ఆగాలి. మే నెల ఎండకు ఆకు మీద సగం ప్రాణులు ఎండిపోతాయి, అప్పుడు మీకు కనిపించేది ఎండ ప్రభావం. ఉగాది ముందు వెనకలు కూడా వద్దు. అప్పుడు కానుగ లేత పచ్చని కొత్త ఆకుతో మెరిసిపోతుంది. చూడ్డానికి ఎంతో అందం, కానీ ఆ ఆకుకు దుమ్ము పట్టేంత వయసు ఉండదు, సూక్ష్మజీవులు కుదురుకునేంత కూడా ఉండదు.

ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపల మూడు చోట్లా ముగించండి. ఒక్కరి వల్ల కాదు, ముగ్గురు మూడు చోట్లకు వెళ్లండి. భుజం ఎత్తులో, రోడ్డు వైపు ఉన్న కొమ్మ చివరి నుంచి మూడో నాలుగో ఆకు తీసుకోండి. కానుగ ఆకు మీద చిన్న చిన్న బుడిపెలు, పాములా పాకిన తెల్లని చారలు తరచుగా కనిపిస్తాయి. బుడిపెలు మొక్కల నల్లుల (మైట్స్) వల్ల, చారలు ఆకు తొలిచే పురుగుల వల్ల వచ్చేవి. అలాంటివి వదిలేయండి. పక్షి రెట్ట ఉన్నవి కూడా వదిలేయండి.

చేతికి గ్లవ్స్, 70 శాతం స్పిరిట్‌తో తుడిచిన కత్తెర, కొత్త జిప్ కవర్లు. చెట్టు చెట్టుకీ కత్తెర మళ్లీ తుడవాలి. ప్రతి చెట్టు నుంచి రెండు కవర్లు తీసుకోండి. ఒకటి సూక్ష్మజీవులకు, ఇంకోటి లోహం కొలవడానికి. రెండో కవరు ఆకులను స్టీల్ కత్తెరతో కోయకపోవడం మేలు. స్టీల్లోనే క్రోమియం, నికెల్ ఉంటాయి. వీటిని గ్లవ్స్ వేసుకున్న చేత్తో తుంచండి, సరిపోతుంది.

కవర్లు ఐస్ ప్యాకులున్న థర్మాకోల్ డబ్బాలో పెట్టండి. ఆకు నేరుగా ఐస్‌కు తగలకూడదు. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మొదటిసారి చేసినప్పుడు నేను కవర్లను బండి డిక్కీలో పెట్టి, దారిలో ఇంకో పని చూసుకుని మధ్యాహ్నానికి ల్యాబ్‌కి చేరాను. కవర్ల లోపల ఆవిరి పట్టి ఆకులు ఉడికినట్టయ్యాయి. ప్లేట్ల నిండా రెండే రెండు రకాల కాలనీలు (ఒక్కో కణం పెరిగి కట్టిన చుక్కలు) వచ్చాయి, అవి కూడా మూడు చోట్ల ఆకుల్లోనూ అవే. వారం రోజుల పని, పదిహేను చెట్ల ఆకులు వృథా. తెంపిన ఆరు గంటల్లోపు పని మొదలుపెట్టండి.

ఆకు ముద్ర

అన్నిటికంటే తేలికైన పని, చూసిన వాళ్లు జన్మలో మర్చిపోని పని ఇది. అందుకే దీనితో మొదలుపెట్టమంటాను.

మామూలు న్యూట్రియెంట్ అగార్ ఆకు బ్యాక్టీరియాకు మరీ బలమైన తిండి. ఆకు మీద బతుకు కరువు బతుకు. అక్కడ అలవాటైన వాటికి పలుచని ఆహారమే పడుతుంది. ఆర్2ఏ అగార్ ఉంటే అది వాడండి. లేకపోతే న్యూట్రియెంట్ అగార్ పొడిని డబ్బా మీద రాసిన మోతాదులో పదో వంతే వేసి, గడ్డకట్టడానికి లీటరుకు 13 గ్రాముల అగార్ పొడి విడిగా కలపండి. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి ప్లేట్లు పోయండి. పోసిన ప్లేట్లను ఒక రాత్రి బయట ఉంచి, తడి ఆరాక వాడండి. తడి ప్లేటు మీద ముద్ర అలుక్కుపోతుంది.

బర్నర్ పక్కన కూర్చుని, ఆకును పట్టకారుతో పట్టుకుని అగార్ మీద మెల్లగా పరచండి. గ్లవ్స్ వేలితో ఈనె పొడవునా తేలిగ్గా అద్ది, 20 సెకన్లు ఉంచి, ఒకే వైపు నుంచి పైకి లేపండి. జరపకండి. పైవైపుకు ఒక ప్లేటు, అడుగువైపుకు ఒక ప్లేటు. మూత పెట్టి, టేపు వేసి, తలకిందులుగా 28 డిగ్రీల దగ్గర ఉంచండి.

రెండో రోజు అక్కడక్కడా పసుపు, తెలుపు చుక్కలు కనిపిస్తాయి. ఐదో రోజు చూడండి. క్యాంపస్ ఆకు అయితే అగార్ మీద ఆకు బొమ్మ దానంతట అదే గీసుకున్నట్టు వస్తుంది. నడిమి ఈనె వెంబడి కాలనీలు వరుసకట్టి ఉంటాయి, దాని నుంచి పక్క ఈనెలు చీలిన చోట గుంపుగా ఉంటాయి. ఎందుకంటే ఈనెల పక్క గాడుల్లో తడి నిలుస్తుంది, తిండి దొరుకుతుంది. వాటి మధ్య గులాబీ రంగు చిన్న చుక్కలు, ఉగ్గుగిన్నెలో కుంకుమ కలిపినట్టుండేవి, చాలామటుకు మిథైలోబ్యాక్టీరియం. అవి నిదానంగా పెరుగుతాయి, మూడో రోజే ప్లేటు పారేస్తే వాటిని చూడనే చూడరు. పసుపువి స్పింగోమోనాస్ లాంటివి కావచ్చు. రంగు చూసి పేరు ఖాయం చేయకండి, నోట్‌బుక్‌లో "గులాబీ, గుండ్రం, 1 మి.మీ." అనే రాయండి. గులాబీ రంగు ఈస్టులు కూడా ఉంటాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే ఈస్టు కణాలు బ్యాక్టీరియా కంటే ఎంతో పెద్దగా, మొగ్గలు తొడుగుతూ కనిపిస్తాయి.

ప్రతి ముద్ర ప్లేటుకూ ఎన్ని రంగులు, ఎన్ని ఆకారాలు ఉన్నాయో పట్టిక వేయండి. ఈ రకాల సంఖ్యే మీ మొదటి ఫలితం.

కడిగి, పలుచన చేసి, లెక్కపెట్టడం

లీటరు నీటికి 8.5 గ్రాముల ఉప్పు, 0.2 మి.లీ. ట్వీన్ 80 కలిపి ఆటోక్లేవ్ చేయండి. ట్వీన్ సబ్బులా పనిచేసి, మైనపు పొరకు అంటుకున్న వాటిని వదిలిస్తుంది. ఫాస్ఫేట్ బఫర్ వాడొద్దంటాను, ఎందుకంటే తర్వాత లోహాల ప్లేట్ల మీద అదే నీరు పోయాలి, ఫాస్ఫేట్ లోహాన్ని పట్టి కింద కూర్చోబెట్టేస్తుంది.

10 గ్రాముల ఆకును 100 మి.లీ. ఈ నీటిలో వేసి, షేకర్ మీద అరగంట తిప్పండి. ఆ నీటి నుంచి 1 మి.లీ. తీసి 9 మి.లీ. ఉప్పునీటిలో కలిపితే పదో వంతు. అందులోంచి మళ్లీ 1 మి.లీ. తీస్తే వందో వంతు, అలా పదివేలో వంతు దాకా వెళ్లండి. ఒక్కో దాని నుంచి 0.1 మి.లీ. ప్లేటు మీద పరచండి. ఆకు వేయని ఉప్పునీటితో కూడా ఒక ప్లేటు వేయాలి. దాని మీద ఏమన్నా మొలిస్తే తప్పు మీ నీటిలోనో చేతిలోనో ఉంది. బూజులు, ఈస్టుల కోసం బ్యాక్టీరియాను ఆపే క్లోరాంఫెనికాల్ మందు కలిపిన పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ వేరుగా వేయండి.

30 నుంచి 300 మధ్య కాలనీలున్న ప్లేటే లెక్కకు పనికొస్తుంది. ఉదాహరణకు వెయ్యో వంతు ప్లేటు మీద 84 కాలనీలు వచ్చాయనుకోండి. 84ను 1000తో గుణించి 0.1తో భాగిస్తే మి.లీ.కు 8,40,000. మొత్తం 100 మి.లీ.లో 8 కోట్ల 40 లక్షలు. 10 గ్రాముల ఆకు కాబట్టి గ్రాముకు 84 లక్షలు. దుమ్ము పట్టిన ఆకు బరువు దుమ్ముతో కలిసి వస్తుంది కాబట్టి వైశాల్యం మీద కూడా లెక్క కట్టండి. కడిగిన ఆకులను గ్రాఫ్ కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసి గళ్లు లెక్కపెడితే చాలు. రెండు వైపులూ ఉంటాయి కాబట్టి రెండింతలు చేయడం మర్చిపోకండి.

అసలు పరీక్ష: రాగి కలిపిన ప్లేటు

పైన చెప్పినవన్నీ చేసినా "రోడ్డు పక్క తేడాగా ఉంది" అని మాత్రమే తెలుస్తుంది. ఆ తేడాకు లోహం కారణమా కాదా అనే వైపు నడిపించేది ఈ పరీక్షే. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది: ఒక ఆకు మీద ఏళ్లుగా లోహం పడుతూ ఉంటే, అక్కడ మిగిలిన వాటిలో లోహానికి ఓర్చుకునేవే ఎక్కువ ఉండాలి. కాబట్టి అదే కడిగిన నీటిని మామూలు ప్లేటు మీద, రాగి కలిపిన ప్లేటు మీద పోసి, రెండో దాని మీద ఎంత వంతు మొలిచిందో చూడాలి. పర్యావరణ విషశాస్త్రంలో ఇది 1980ల చివరి నుంచి వాడుకలో ఉన్న పద్ధతి.

12.5 గ్రాముల కాపర్ సల్ఫేట్‌ను, అంటే మన మైలుతుత్తాన్నే, ల్యాబ్ గ్రేడ్‌ది, 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి విడిగా ఆటోక్లేవ్ చేయండి. ఇది 0.5 మోలార్ ద్రావణం (మోలార్ అంటే ద్రావణం గాఢతకు కొలత, మిల్లీమోలార్ అందులో వెయ్యో వంతు). అగార్ ఆటోక్లేవ్ నుంచి తీసి, 50 డిగ్రీలకు చల్లారాక, అంటే ఫ్లాస్కును చేత్తో పట్టుకోగలిగినప్పుడు, 500 మి.లీ. అగార్‌కు ఈ ద్రావణం 1 మి.లీ. కలిపితే 1 మిల్లీమోలార్ రాగి అవుతుంది. అర మి.లీ. కలిపితే 0.5, రెండు కలిపితే 2. మూడు మోతాదులూ చేయండి. జింక్‌కు కూడా ఇలాగే, 14.4 గ్రాముల జింక్ సల్ఫేట్ (హెప్టాహైడ్రేట్) 100 మి.లీ.లో.

ఇక్కడ కూడా పలుచని అగారే వాడాలి. బలమైన అగార్‌లో ఉండే పెప్టోన్ (ప్రోటీన్ల నుంచి తీసిన తిండి) రాగిని పట్టి దాచేస్తుంది. పుస్తకంలో 1 మిల్లీమోలార్ అని రాస్తారు, బ్యాక్టీరియాకు అందేది అందులో కొంతే.

సీసం, కాడ్మియం, క్రోమియం ప్లేట్లు వేస్తామని పిల్లలు ఉత్సాహపడతారు. వద్దు. వాటి లవణాలు మనుషులకు ప్రమాదం, పారేయడానికి సరైన ఏర్పాటు చాలా కాలేజీల్లో ఉండదు. పైగా సీసం అగార్‌లోని ఫాస్ఫేట్, క్లోరైడ్‌తో కలిసి తెల్లగా గడ్డకట్టి కూర్చుంటుంది, ప్లేటు మీద అన్నీ హాయిగా మొలిచి మీకు తప్పు జవాబు చెబుతాయి.

మామూలు ప్లేటు మీద 84, రాగి ప్లేటు మీద 21 వస్తే ఓర్పు 25 శాతం. ఇలా మూడు చోట్ల పదిహేను చెట్లకు కట్టి, గ్రాఫ్ గీయండి. పారిశ్రామికవాడ ఆకుల్లో ఈ శాతం ఎక్కువగా ఉండి, ముద్ర ప్లేట్ల మీద రకాలు తక్కువగా ఉంటే, అప్పుడు మీ చేతిలో ఒక గట్టి మాట ఉన్నట్టు. మొత్తం సంఖ్య రెండు చోట్లా సమానంగా ఉన్నా సరే. నాజూకైనవి పోయి, వాటి చోటులో మొండివి నిండాయన్నమాట.

సంఖ్య రోడ్డు పక్కనే ఎక్కువ వచ్చిందా? కంగారుపడకండి. దుమ్ముతో పాటు మట్టి బ్యాక్టీరియా కూడా వచ్చి పడతాయి, ముఖ్యంగా స్పోర్లు (వేడిని, ఎండను తట్టుకునే గట్టి విత్తనాల్లాంటి కణాలు) కట్టే బాసిల్లస్ జాతి. అవి ప్లేటు మీద పెద్దగా, పొడిగా, ముడతలు పడి పెరుగుతాయి. వాటిలో చాలావరకు ఆకు మీద బతుకుతున్నవి కావు, ఊరికే ఆగిన ప్రయాణికులు. కడిగిన నీటిలో కొంత 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి ప్లేటు వేస్తే స్పోర్లే మిగులుతాయి, ఎన్ని అలా వచ్చినవో తెలిసిపోతుంది. ఇంకోటి, దుమ్ము పొర ఎండలోని అల్ట్రావయొలెట్ నుంచి నీడ కూడా ఇస్తుంది.

లోహం ఎంత ఉందో కొలవడం

ఇది మీ ల్యాబ్‌లో కాకపోవచ్చు. రెండో కవరులోని ఆకులను రెండు భాగాలు చేయండి. ఒక భాగం కడగకుండా, ఇంకో భాగం డిస్టిల్డ్ వాటర్‌లో మూడుసార్లు కడిగి, 70 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, పింగాణీ కల్వంలో పొడి చేసి, 10 శాతం నైట్రిక్ యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ సీసాల్లో పెట్టండి. అటామిక్ అబ్జార్ప్షన్ లేదా ఐసీపీ-ఎంఎస్ మెషిన్ ఉన్న యూనివర్సిటీ ల్యాబ్‌లో రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. యాసిడ్‌లో మరిగించే పని వాళ్లకే వదిలేయండి. కడగని ఆకుకూ కడిగిన ఆకుకూ ఉన్న తేడా సుమారుగా పైన పేరుకున్న లోహం, మిగిలింది ఆకు లోపలిది. సూక్ష్మజీవులకు తగిలేది ముఖ్యంగా మొదటిది.

డబ్బు కుదరకపోతే కనీసం దుమ్మైనా తూచండి. ముందే తూచిన ఫిల్టర్ పేపర్‌లో ఆకు కడిగిన నీటిని వడకట్టి, ఆరబెట్టి, మళ్లీ తూచడమే.

మూసీ ఒడ్డున పండే ఆకుకూరల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అందరూ అడుగుతారు. పాలకూర లాంటివి కాడ్మియంను వేళ్ల ద్వారా లోపలికే పీల్చుకుంటాయి. ఉప్పునీళ్లలో ఎంత కడిగినా పోయేది పైన ఉన్నదే.

కారణం ఖాయం చేసుకోవాలంటే కుండీలు

రోడ్డు పక్క లోహం ఒక్కటే లేదు. పొగ ఉంది, వేడి ఉంది, మసి ఉంది. లోహాన్ని విడదీయాలంటే కుండీల ప్రయోగం చేయాలి. నర్సరీ నుంచి ఒకే రోజు, ఒకే వరుసలోంచి పది కానుగ లేదా మందారం మొక్కలు తెచ్చి, టెర్రస్ మీద ఒకేచోట రెండు వారాలు ఉంచండి. తర్వాత ఐదింటికి నీరు, ఐదింటికి లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీరు పిచికారీ చేయండి. ఇది తోటల్లో వాడే మోతాదే. 1, 3, 7, 14 రోజుల తర్వాత ఒక్కో మొక్క నుంచి ఆకులు తీసి, ముద్ర, లెక్క, రాగి ప్లేటు మూడూ చేయండి. మొదట మొత్తం సంఖ్య పడిపోవచ్చు, ఆ తర్వాత మళ్లీ పుంజుకోవచ్చు. పుంజుకున్నప్పుడు వచ్చినవి పాతవేనా, రాగికి ఓర్చుకునేవా అన్నది పధ్నాలుగో రోజు ప్లేటు చెబుతుంది. గులాబీ కాలనీల మీద ఓ కన్నేసి ఉంచండి. తులసి, కరివేపాకు మొక్కలతో మాత్రం ఇది చేయకండి, ఎవరో ఒకరు తెలియక తుంచుకుంటారు.

ప్లేటు మీద మొలిచేది ఆ ఊరి జనంలో కొద్ది భాగమే. మిగతావాళ్లను చూడాలంటే డీఎన్ఏ తీసి 16ఎస్ జన్యువును, అంటే బ్యాక్టీరియా ఏదో గుర్తుపట్టడానికి వాడే జన్యువును, చదివించాలి. చేయించే అవకాశం దొరికితే ఒక జాగ్రత్త: ఆకులోని క్లోరోప్లాస్టు పూర్వం ఒకనాటి సయనోబ్యాక్టీరియానే (ఎండతో తిండి చేసుకునే బ్యాక్టీరియా) కాబట్టి దాని జన్యువు కూడా బ్యాక్టీరియా జన్యువులాగే చదవబడుతుంది. ఆకును నూరి ఇస్తే ఫలితాల్లో అదే నిండిపోతుంది. కడిగిన నీటి నుంచే డీఎన్ఏ తీయించండి, క్లోరోప్లాస్టును తప్పించే 799ఎఫ్ ప్రైమర్ (ఏ జన్యువును చదవాలో పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్క) వాడమని ల్యాబ్‌ వాళ్లతో ముందే చెప్పండి.

ప్లేట్లు పారేసేటప్పుడు

వంటగదిలో వద్దని మొదట్లో అన్నది ఇందుకే. ఆకు మీద ఒక్క కణంగా ఉన్నది ప్లేటు మీద కోట్లకు పెరుగుతుంది. లోహాన్ని తోసేసే జన్యువులు, యాంటీబయాటిక్స్‌ను తట్టుకునే జన్యువులు చాలాసార్లు ఒకే ప్లాస్మిడ్ మీద పక్కపక్కనే ఉంటాయి. రాగి ప్లేటు మీద మీరు ఏరి పెంచుతున్నది అలాంటి వాటినే కావచ్చు. కాబట్టి టేపు విప్పి వాసన చూడటం, ఊరికే కాలనీలు ఏరి దాచుకోవడం చేయకండి. లెక్క అయిపోగానే అన్నీ ఆటోక్లేవ్ చేయండి. రాగి, జింక్ అగార్ గడ్డలను సింకులో, నాలాలో వేయకండి. ఆరబెట్టి, విడిగా డబ్బాలో వేసి, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ రసాయన వ్యర్థాలతో పంపండి. మనం దేని గురించి బాధపడి ఈ పని మొదలుపెట్టామో దాన్నే మళ్లీ మూసీలో కలపకూడదు.

ఆకులు తెంపిన చెట్లకు గుర్తుగా మేకులు కొట్టకండి, రంగు నూలుదారం కట్టండి. జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డాక మర్నాడొకసారి, వారం తర్వాత ఇంకోసారి అవే చెట్ల దగ్గరికి వెళ్లి, తలా రెండు ఆకులతో ముద్ర ప్లేట్లు వేయండి. జనవరిలో వేసిన ముద్రల ఫొటోల పక్కన వీటిని పెట్టి, బాలానగర్ ఆకు మీద నడిమి ఈనె వెంట ఆ గులాబీ చుక్కలు ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి.